దీపాలు పెట్టినాక

గిద్దలూరులో సౌభాగ్యమ్మ ఇంటికి ఎవరు వచ్చినా, మంచినీళ్లకంటే ముందు లైట్ల సంగతి వడ్డిస్తుంది. కొడుకు ఫణికుమార్‌ది బజారులో ఎలక్ట్రికల్ దుకాణం. పోయినేడు ఇల్లంతా వాటంతట అవే వెలిగి, ఆరిపోయే లైట్లు బిగించాడు. పొద్దుగూకగానే వరండా, హాలు వెలుగుతాయి. గదిలో మనిషి లేకపోతే లైటు ఆరిపోతుంది. బాత్‌రూమ్ గుమ్మంలో కాలు పెడితే చాలు, వెలుతురు. కావాలంటే ఫోన్లో నొక్కి కూడా వెలిగించుకోవచ్చు. "ఈ మోకాళ్లతో గోడలు తడుముకునే పని తప్పింది. కరెంటు బిల్లు కూడా తగ్గింది," అంటుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న ప్రతి తల్లికీ అలాంటి కొడుకు ఒకడుండాలి.

ఆమె ఎవరికీ చెప్పని లాభం ఇంకొకటి ఉంది.

ఎదురుగా రేకుల ఇంట్లో కృపారాణి ఉంటుంది. హాస్టల్లో వంట పని. నీళ్ల ట్యాంకరు వచ్చే వేళకు ఆమె పనిలో ఉంటుంది, పిల్లలు బడిలో ఉంటారు. అందుకని సాయంత్రం బిందె చంకన పెట్టుకుని సౌభాగ్యమ్మ గేటు తీస్తుంది. సౌభాగ్యమ్మ బోరులో నీళ్లున్నాయి. కాకపోతే ఈ ఎండలకు వీధిలో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి, తనదీ పోతుందేమోనని ఆమెకు గుండెల్లో దడ. ఆ మాటే చెప్పి లేదనవచ్చు. ముఖం మీద లేదనడం ఆమెకు చేతకాదు. మంచిమనిషన్న పేరు పోగొట్టుకోవడం అసలే ఇష్టం లేదు.

దీపాలు పెట్టాక ఉప్పు, పెరుగు, సూది ఇవ్వకూడదన్నది ఆ ఇంటి పట్టింపు. నీళ్ల మాట అందులో లేదు. సౌభాగ్యమ్మే కలిపింది. గేటు గొళ్లెం చప్పుడు కాగానే ఫోన్ మీద వేలు నొక్కేది. ఎండ ఇంకా పిట్టగోడ మీద ఉండగానే వరండా వెలిగిపోయేది.

"దీపాలు పెట్టినాం గదమ్మా. ఇప్పుడు నీళ్లు గడప దాటిస్తే లక్ష్మి పోతాదంట. రేపు కొంచెం ముందుగా రా."

కృపారాణి చర్చికి పోయే మనిషి. ఆ పట్టింపు ఆమెది కాదు. అయినా "తప్పయింది పెద్దమ్మా, చూసుకోకుండా వచ్చినా," అని ఖాళీ బిందెతో వెనక్కి పోయేది. మర్నాడు ముందుగా వచ్చేది. దీపాలు ఇంకా ముందుగా వెలిగేవి.

మే నెలలో బోరు బురద కక్కింది. మెకానిక్ పైపులు పైకి లాగి చూసి, "అడుగున చుక్క లేదు," అని వీధంతా వినపడేట్లు చెప్పి పోయాడు. ఫణికుమార్ సరుకు కోసం మార్కాపురం వెళ్లి ఉన్నాడు. ఫోన్ చేస్తే, తెల్లారి ట్యాంకరు తెప్పిస్తానన్నాడు. కుళాయి తిప్పితే గాలి వస్తోంది. బియ్యం కడగడానికి కూడా నీళ్లు లేవు.

సెలవులకు హాస్టల్ మూసేశారు. బోరు పోకముందు, పొద్దున, కృపారాణి ఇంట్లోనే ఉండి ట్యాంకరు నీళ్లతో డ్రమ్ములు నింపుకోవడం సౌభాగ్యమ్మ కిటికీలోంచి చూసింది. ఈ మోకాళ్లతో నడిచిపోయి అడగగల గడప అదొక్కటే. నలుగురి కంటా పడకూడదని పొద్దుగూకేదాకా తాత్సారం చేసి, బిందె తీసుకుని బయలుదేరింది. వెనక వరండా వెలిగింది, ఎవరూ నొక్కకుండానే.

కృపారాణి ఇల్లు చీకటిగా ఉంది. కరెంటు పోయిందేమో అనుకుంది. కానీ లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. గడప మీద కృపారాణి, పక్కన ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు.

"చీకట్లో కూర్చున్నారేంది?" అంది సౌభాగ్యమ్మ.

"మీరు వస్తారనే పెద్దమ్మా. బోరు ఎండిపోయిందని ఇన్నా. లైటేస్తే మీరు నీళ్లు తీసుకోరు గదా, మీకు పట్టింపు. నేనే తెద్దామనుకున్నా గానీ, మా బిందె మీ ఇంట్లోకి వస్తే ఏమనుకుంటారో అని ఆగినా." లేచి సౌభాగ్యమ్మ బిందె అందుకుంది. "మీ ఇంట్లో దీపాలు తొందరగా పడతాయి. నేనెంత ముందొచ్చినా ఆలస్యమే అయితాది."

సౌభాగ్యమ్మకు తల కొట్టేసినట్లయింది. ఊరుకుంటే ఆ మాట అక్కడితో పోయేది. నీళ్లు తీసుకుని ఇంటికి పోవచ్చు, పేరూ పోదు. కానీ చీకట్లో పిల్లలిద్దరూ తననే చూస్తున్నారు.

"వాటంతట అవి పడలేదు కృపా," అంది. "నువ్వు గేటు తీసే చప్పుడు ఇని, ఫోన్లో నేనే నొక్కినా. ప్రతిసారీ."

కృపారాణి చెయ్యి బిందె మీదే ఆగిపోయింది. నాలుగు తిట్లు పడితే సౌభాగ్యమ్మ ఏడ్చి తేలికపడేది. కృపారాణి లోపలికి పోయి స్విచ్ వేసింది. ట్యూబ్‌లైటు కొట్టుకుని కొట్టుకుని వెలిగింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సౌభాగ్యమ్మ వెనక్కి తిరగబోయింది.

"నిలబడండి," అంది కృపారాణి. పెద్దమ్మా అనలేదు. డ్రమ్ము మూత తీసి, చెంబుతో ముంచి ముంచి బిందె అంచుదాకా నింపింది. తెచ్చి గడప ఇవతల పెట్టింది.

"మా ఇంట్లో దీపం పెట్టినాక కూడా నీళ్లిస్తాం."