అటక మీది వెదురు బద్దలు

పొద్దున వన్ టౌన్ బజారుకు బయల్దేరుతూ అమలమ్మ గుమ్మంలో ఆగి, కోడలి వైపు తిరిగి ఒక్కమాట అంది.

"నక్షత్రం పని నీదేనమ్మా. సాయంత్రం క్యారల్స్ వాళ్ళొచ్చేసరికి గుమ్మానికి వేలాడాలి."

అంతే. చెప్పులు టకటకలాడించుకుంటూ కొండ మెట్లు దిగిపోయింది. ఆ క్షణం నుంచి సింధూరికి ఒకచోట కాలు నిలిస్తే ఒట్టు. వంటింట్లోకి వెళ్తుంది, ఎందుకొచ్చిందో మర్చిపోయి వీధిలోకి వస్తుంది. స్టవ్ మీద మైదా జిగురు కుతకుతలాడుతుంటే గరిటె కోసం బీరువా తలుపు తీసింది.

కంగారు పడదూ మరి! సింధూరిది కంకిపాడు. వాళ్ళ నాన్న వెంకటప్పయ్య వరి రైతు. మట్టితో వినాయకుణ్ణి చెయ్యమంటే కళ్ళు మూసుకుని చేసిపెడుతుంది గాని, క్రిస్మస్ నక్షత్రం కట్టిన చెయ్యి కాదు. ఆఫీసులో పరిచయమైన సొలొమోనును ఇష్టపడి చేసుకుంది. పెళ్ళయి ఏడాది తిరగలేదు. ఈ ఇంట్లో ఆమెకిది మొదటి క్రిస్మస్, అత్తగారు ఆమె మీద పెట్టిన మొదటి పెద్దపని.

పోనీ కొట్లో కొని తగిలిద్దామా అంటే, ఈసారి దానికీ దారి లేదు. కొన్న నక్షత్రాలు వద్దు, ఇంట్లో పడి ఉన్న వస్తువులతో పిల్లల చేత చేయించండని చర్చిలో ఆదివారం పూజలో ఫాదర్‌గారు చెప్పేశారు. ఆ మాటతో కొండ కింది వీధిలో ఖాళీ డబ్బాలకూ పాత శుభలేఖలకూ ఎక్కడలేని మర్యాద వచ్చిపడింది. చెత్తబండికి ఒక్క అట్టముక్క దొరకక, ఆ బండివాడు ఇంటింటికీ వచ్చి "ఎవరైనా ఏమైనా పారెయ్యండి బాబూ" అని బతిమాలాడట. నమ్మేవాళ్ళు నమ్మండి.

ఆడపడుచు పిల్లలిద్దరూ హాల్లో చాప మీద కూర్చుని కొబ్బరి చీపురు పుల్లలతో నక్షత్రం కడుతున్నారు. పెద్దది మనోజ్ఞ, చిన్నవాడు జయరాజు. జిగురు తగిలేసరికి ఆ నక్షత్రం కాళ్ళు చాపి, నడుం వాల్చి, ఎండకు సొమ్మసిల్లిన పీతలా పడుకుంది.

"ఇది మూడోది అత్తా," అంది మనోజ్ఞ ఏడుపుమొహంతో.

మామగారు శౌరయ్య మడతకుర్చీలో కూర్చుని అన్నీ గమనిస్తున్నాడు. ఆయన బీపీ మాత్రల వెండిరేకు కోసం జయరాజు పొద్దున్నుంచీ కుర్చీ వదలడం లేదు.

"తాతయ్యా, ఇంకో మాత్ర వేసుకోవా? రేకు చాలట్లేదు."

"వేసుకుంటే రేకు మిగుల్తుందిరా, నేను మిగలను," అన్నాడు శౌరయ్య. "అయినా ఇవీ ఒక నక్షత్రాలేనా! మైలవరంలో మా చిన్నప్పుడు కట్టాం చూడూ, దాని వెలుగుకి తెల్లారిందనుకుని ఊళ్ళో కోళ్ళన్నీ కూశాయి. పాలవాళ్ళు లేచి గేదెల్ని పితికేశారు. పొద్దున చూస్తే గుంటూరు బస్సు దిగి బైబిల్లో ఆ ముగ్గురు జ్ఞానులు నిలబడున్నారు, పిల్లాడెక్కడండీ అని."

"ఒంటెల మీద రాలేదా?" అన్నాడు జయరాజు.

"ఆ రోజు ఒంటెలు సమ్మెరా."

పిల్లలు పకపకా నవ్వారు. సింధూరికి మాత్రం నవ్వు రాలేదు. గడియారం వంక చూసింది. అంతలో ఫోను మోగింది.

"బజారు పని అయిపోయిందే. ఆటో ఎక్కుతున్నా," అంది అమలమ్మ.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి జయరాజు స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టి, పాత చీరలో చుట్టిన మూటను లాగుతున్నాడు.

"అత్తా, కర్రలు! తిన్నటి కర్రలు!"

సింధూరికి పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఆమె పాలవెల్లి. వినాయకచవితికి దేవుడి తల మీద పందిరిలా వేలాడదీసి, పళ్ళూ పూలూ కట్టే వెదురు బద్దల చట్రం. వెంకటప్పయ్య తన చేత్తో బద్దలు చీల్చి, నున్నగా చెక్కి, దారంతో కట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి కూతురితో పంపాడు. ఈ ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దంటారేమోనని ఆమే అడగలేదు. వచ్చిన రోజునే అటకెక్కించేసింది. మొన్న చవితినాడు మాత్రం బట్టలు సర్దే నెపంతో అటక కింద కాసేపు నిలబడి, ఒకసారి తలెత్తి చూసి, ఆఫీసుకు వెళ్ళిపోయింది.

"ఏంటమ్మాయ్ అది?" అన్నాడు శౌరయ్య.

"అదీ... చిక్కుడు పందిరి మావయ్యా. నాన్న కట్టిచ్చారు."

"అటక మీద చిక్కుడు కాస్తుందా? మీ కంకిపాడు వాళ్ళు గట్టివాళ్ళే!"

ఆయన అటు తిరిగి పేపరు విప్పుకున్నాడు. మనోజ్ఞ అప్పటికే బద్దల్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. "ఇవే కావాలత్తా. ఇవైతే వంగవు."

ఇవ్వనంటే ఎందుకివ్వవో చెప్పాలి. చెబితే ఇన్నాళ్ళు దాచినందుకూ చెప్పాలి. సింధూరి చాప మీద కూలబడి, నాన్న వేసిన ముళ్ళు తనే ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది. వేళ్ళకు పసుపు అంటింది. గబగబా చీరకొంగుకు తుడుచుకుంది.

అయిదు బద్దలు ఏరి నక్షత్రంలా పేర్చగానే జయరాజు సుత్తీ మేకులూ పట్టుకొచ్చాడు.

"మేకులొద్దు!"

ఆ అరుపుకు శౌరయ్య చేతిలో పేపరు కూడా కదలడం మానేసింది. సింధూరికే సిగ్గేసింది. "దారంతో కడదాం నాన్నా," అంది గొంతు తగ్గించి.

కట్టారు. కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్లు కత్తిరించి, శుభలేఖల ఎర్రకాగితం చేర్చి, నడుమ తాతయ్య మాత్రల రేకులు అతికించారు. బల్బు పెట్టడానికి చోటు వదిలారు. నిజంగానే బాగా కుదిరింది. కానీ కాగితం చాలక బద్దల చివర్లు బయటికే ఉండిపోయాయి. ఆ చివర్ల మీదే ఉన్నాయి నాన్న పెట్టిన బొట్లు, ఎర్రగా, గుడ్లప్పగించి చూస్తూ.

సింధూరి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. దీపం వత్తుల దూది తెచ్చి చివర్లకు అద్దడం మొదలుపెట్టింది.

"అదేంటత్తా?"

"మంచు."

"డిసెంబర్లోనూ ఫాను తిరిగే ఊరమ్మాయ్ ఇది," అన్నాడు శౌరయ్య పేపరు చాటునుంచి. సింధూరి వినిపించుకోలేదు. చివరి బద్దకు దూది అద్దుతుండగానే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆవిడ గుమ్మం చేరేసరికి జయరాజు స్టూలు మీదికెక్కి నక్షత్రం కొక్కేనికి తగిలించేశాడు. అమలమ్మ సంచులు దించి, నడుం మీద చెయ్యేసుకుని, తలెత్తి చూసింది. చూస్తూనే ఉంది. సింధూరి కొంగుచివర వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"బాగుంది. ఈ దూదెందుకు? బెజవాడలో మంచేంటి, మన మొహం!"

అంటూనే చెయ్యి చాపి ఒక దూదిపింజ ఊడబెరికింది. కుంకుమబొట్టు బయటపడింది. ఆవిడ దాన్ని చూసింది. బొటనవేలితో మెల్లగా తడిమింది. దూరంగా మెట్ల కింద క్యారల్స్ వాళ్ళ డప్పు మొదలైంది.

"మేకులు కొట్టలేదుగా?" అంది అమలమ్మ.

సింధూరి కొంగు వదిలేసి అత్తగారి వైపు తిరిగింది. జయరాజే అందుకున్నాడు. "లేదమ్మమ్మా, అత్త కొట్టనివ్వలా. దారమే."

"మంచిపని చేసింది. చవితికి మళ్ళీ పాలవెల్లి కట్టుకోవాలిగా."

"అత్తయ్యా... మీకు..."

"అటక మీద ఏముందో తెలియకుండానే ఈ ఇంట్లో ఇన్నేళ్ళు కాపరం చేశాననుకున్నావా? మొన్న చవితికి ముందు వెలక్కాయలూ మొక్కజొన్న పొత్తులూ తెచ్చి నీ కళ్ళముందే పెట్టా. ఇప్పుడడుగుతుంది, అప్పుడడుగుతుంది అని చూశా. నువ్వేమో 'పచ్చడి చెయ్యనా అత్తయ్యా' అన్నావు!"

"మరి మీరైనా ఓ మాట అనొచ్చుగా?" సింధూరికి ఏడుపూ ఉక్రోషమూ కలిసి వచ్చాయి.

"నీ దేవుడి సామాను నువ్వు దించుకోవాలి గాని, నేను దించితే ఏం బాగుంటుందే? పచ్చడి మాత్రం బాగా చేశావులే." అమలమ్మ రెండో చివర దూది కూడా పీకేసింది. "ఇవన్నీ తీసెయ్యి. ఎర్రగా చక్కగా ఉన్నాయి. ఈ ముడేంటి, ఇంత వదులుగా? దారం అందుకో."

అత్తాకోడళ్ళిద్దరూ చెరో పక్క నిలబడి ముడి బిగించారు. డప్పు గుమ్మం దాకా వచ్చేసింది. మనోజ్ఞ స్విచ్ వేసింది. పాలప్యాకెట్లలోంచి తెల్లగా, శుభలేఖల్లోంచి ఎర్రగా వెలుగు వచ్చి, వచ్చినవాళ్ళ మొహాల మీద పడింది.

"ఎవరు చేశారండీ ఇది?" అన్నాడు డప్పు కొట్టే అబ్బాయి.

శౌరయ్య పేపరు మడిచి కుర్చీలోంచి లేచాడు.

"చెయ్యడమేంటయ్యా! కంకిపాడు నుంచి మా కోడలు చిక్కుడు పందిరి తెచ్చింది. ఇవాళ కాసింది."