డ్యూక్ మాగ్నోలియా, మా అమ్మ టోపీ

మా తమ్ముడు లూషియస్‌ని అలబామా అంతా డ్యూక్ మాగ్నోలియా అంటుంది. ఆ పేరు వాడే పెట్టుకున్నాడు. ఏడేళ్లప్పుడు ఈస్టర్ నాడు చర్చిలో పాడుతూ నడుం తిప్పినందుకు మా అమ్మ ఒడెసా వాణ్ణి చెవి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. అది మొదలు ముప్పై ఏళ్లుగా వాడు బ్లూస్ నుంచి సోల్, ఫంక్ దాకా అన్ని పాటలకీ నడుం తిప్పుతూనే ఉన్నాడు, ఆవిడ చెవులు మూసుకునే ఉంది. వాడి పాట మోగని రేడియో లేదు, ఒక్క మా ఇంట్లోది తప్ప.

వాడి బట్టలు కుట్టేది నేనే. బంగారు రంగు బూట్లు, నెమలీకల భుజాలు, నేల ఊడ్చే ఊదారంగు మఖమల్ కోటు. చమ్కీలు కుట్టీ కుట్టీ నా కళ్లు పోయాయి. కొలతలిస్తూ వాడు అడిగేది ఒకటే.

"అక్కా, అమ్మ ఒక్కసారి వచ్చి వింటే చాలే!"

"ముందు నువ్వు ప్యాంటు కాస్త వదులు చేయించుకో, తర్వాత చూద్దాం" అనేదాన్ని.

డెబ్భై నాలుగు చలికాలంలో చర్చిని వెచ్చగా ఉంచే బాయిలర్ పాడైంది. పాస్టర్‌గారు హైస్కూల్ జిమ్ హాల్లో విరాళాల కచేరీ పెట్టి లూషియస్‌ని పిలిచారు. చర్చిలో జనాన్ని కూర్చోబెట్టే తెల్ల గ్లోవ్స్ ఆడవాళ్లకి పెద్ద మా అమ్మే కాబట్టి రాక తప్పలేదు. తన తెల్ల టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సుడిగాలికి మా వాకిట్లో కుర్చీలు పక్కవీధికి ఎగిరిపోయిన రోజు కూడా ఆ టోపీ ఆవిడ తలమీదే ఉంది.

అమ్మని చూడగానే లూషియస్‌కి చెమటలు పట్టాయి. కంగారుపడితే వాడి ఆర్భాటం రెట్టింపవుతుంది. పల్టీ కొట్టాడు, మోకాళ్ల మీద జారాడు, గొంతు చించుకున్నాడు. శ్రుతి మాత్రం ఎటో పోయింది.

పాట మధ్యలో అమ్మ చెయ్యెత్తింది. "ప్రభువా, ఆ బిడ్డకి సాయం చెయ్యి!"

చర్చిలో ఎవరైనా పాడలేక అవస్థ పడుతుంటే మేం అనే మాట అది. అంతకంటే పెద్ద తిట్టు మాలో లేదు. జిమ్ అంతా గొల్లున నవ్వింది. పాస్టర్‌గారు దగ్గినట్టు నటించారు. నేనూ నవ్వాను గానీ, వాడి మొహం చూసేసరికి ఆపేశాను. మళ్లీ ఏడేళ్లవాడైపోయాడు పాపం.

"అమ్మా, ఏం తప్పు పాడానే?" అన్నాడు మైకులోనే.

"పాడితే కదరా తప్పు చెప్పడానికి! ఆ దుప్పటి తీసి అవతల పెట్టు. నిలబడి పాడు."

నా నెల రోజుల కష్టాన్ని దుప్పటి అంది!

వాడు కోటు తీశాడు. బూట్లూ విప్పాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. బ్యాండు వాళ్లని మెల్లగా వాయించమని అదే పాట మళ్లీ ఎత్తుకున్నాడు. తలుపు తియ్యమని ప్రియురాలిని బతిమాలే పాట.

"నిదానం నాయనా, నిదానం" అంది అమ్మ. బాగా పాడుతుంటే అనే మాట అది. రెండో చరణానికి తెల్ల గ్లోవ్స్ చేతులన్నీ గాల్లోకి లేచాయి. కళ్లు మూసుకుని పాడుతున్న వాడి నడుం కూడా కదలడం మొదలుపెట్టింది. అమ్మ లేచి నిలబడింది. మళ్లీ వాడి చెవి కోసమే వెళుతోందనుకున్నాను.

అమ్మ టోపీ తీసి బలంకొద్దీ స్టేజీ మీదికి విసిరింది. ఒళ్లు మరిచిపోయేలా పాడినవాడికి తప్ప మా ఆడవాళ్లు టోపీ విసరరు. అది వాడి ఛాతీకి తగిలింది. లూషియస్ దాన్ని గుండెకి హత్తుకుని, వెక్కివెక్కి ఏడుస్తూనే పాట పూర్తిచేశాడు. నేనూ ఏడ్చాను.

"ఆదివారం ఆ టోపీ చర్చికి నువ్వే తెచ్చియ్యి" అంది అమ్మ, జుట్టు సర్దుకుంటూ. "వదులు ప్యాంటు వేసుకుని రా."

శనివారమంతా కూర్చుని కుట్టాను, వదులుగానే. అమ్మకి కనబడకుండా చమ్కీలు లోపలివైపు వెయ్యమన్నాడు. కూర్చుంటే గుచ్చుకుంటాయిరా అన్నా వినలేదు.