తద్దినం పులుసులో ఉప్పు

ఏమయ్యా, టీ పెట్టుకోవడానికి కూడా పెళ్ళాన్ని లేపే మొగుడా, నీకే చెబుతున్నా. మా లువా సంగతి విని కాస్త సిగ్గు తెచ్చుకో.

లువా మా అన్న కోడలు. దక్షిణాది పిల్ల. వాళ్లు పులుసులో కూడా చక్కెర పోస్తారని మా ఉత్తరాది నామ్ దిన్ ఊరి ఆడవాళ్ల వెక్కిరింత. ఈ ఏడు మా నాన్న తద్దినం వంట తనే చేస్తానంది. మా వదిన థావో ఒక్కటే మాట అంది: "పులుసు కుదిరితే వంటిల్లు నీది. కుదరకపోతే ఉల్లిపాయలు తరుగుతూ కూర్చో."

చిక్కేమిటంటే, పెద్దల పీఠం ముందు పెట్టకుండా ఏదీ రుచి చూడకూడదు. నలభై ఏళ్లుగా వదిన నాలిక తగలనివ్వకుండానే ఉప్పు సరిగ్గా వేస్తోందని ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది.

లువా పట్టు పట్టింది. వారం రోజులు రెండు పూటలా మాకు వెదురు మొలకలూ పంది కాళ్లూ వేసిన పులుసే. ఉప్పుకి బదులు వేసే చేపల సాస్ పింగాణీ చెంచాతో కొలిచి పోయడం, తాగుతుంటే మా మొహాలు చూడటం, ఎన్ని చెంచాలో గోడ మీద బొగ్గుతో గీత గీయడం.

"తల్లీ, నా కాళ్లకి గిట్టలొస్తున్నాయే!" అన్నాను.

"ఇంకో గిన్నె తాగండి చిన్న మామయ్యా, తోక కూడా వస్తుంది."

తద్దినం రోజు నేను ఊరుకుంటానా? సాస్ సీసాలో అదే రంగుండే పాలు లేని చిక్కటి టీ పోసి పెట్టాను. లువా మూత తీసింది, వాసన చూసింది, సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "చల్లారిపోయింది, తాగెయ్యండి."

బియ్యం డబ్బాలోంచి తను దాచుకున్న సీసా తీసి, తొమ్మిది చెంచాలు లెక్కపెట్టి పోసింది.

"చప్పగా ఉన్నట్టుందమ్మా, చూసి చెప్పనా?" అని గరిటె అందుకోబోయాను. వేళ్ల మీద ఒక్కటి వేసింది. "తాతగారు తిన్నాకే మీరు!"

అగరుబత్తులు కాలాయి. పీఠం మీది గిన్నెలు దించారు. వదిన ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఇంకో గుక్క తాగింది.

"రేపట్నుంచి వంటిల్లు నీదే," అంది వదిన. తర్వాత కోడల్ని పక్కకి లాగి గొంతు తగ్గించి అడిగింది. నేను పక్కనే ఉన్నాలే. "నిజం చెప్పవే, ఎప్పుడు రుచి చూశావ్?"

"చూళ్ళేదత్తయ్యా! మీలాగే."

"నాలాగానా? పిచ్చిమొహమా, రెండు చెంచాలు తాగి చూడకుండా నేనెప్పుడు కుండ దించానే!"

నలభై తద్దినాలు. ఆవిడ రుచి చూస్తే పట్టుకుందామని నలభైసార్లూ వంటింటి గుమ్మంలో కాపలా కూర్చున్నవాణ్ణి నేనే.