ఉతకకూడని చీర

నేను ఒక చీరను. వంకాయరంగు ఒళ్లు, చిలకపచ్చ అంచు. ఇప్పుడు చూసినవాళ్లు ఆ మాట నమ్మరు. సిరిసిల్లలో ఒక మరమగ్గం మీద పుట్టాను. అక్కడ ఎంత మోతంటే, లోకమంటే టకటకే కాబోలని కొన్నాళ్లు అనుకున్నాను.

నన్ను మొదట కట్టుకున్నది అంగన్‌వాడీ టీచరు సుగుణమ్మ. ఆవిడ దగ్గర ఇస్త్రీ మడత నలగకుండా బతికాను. ఒకనాడు బల్ల మేకు తగిలి జానెడు చిరిగాను. మనుషులు చిరిగిన చీరను పారేయరు, దానం చేసి పుణ్యం మూటగట్టుకుంటారు. అలా అంగన్‌వాడీలో వంట చేసే లచ్చవ్వ చేతికి వచ్చాను. కలుపు తీసినా, పేడ ఎత్తినా ఆమె ఒంటి మీద నేనే. రెండేళ్లు ఆమె చెమట తాగాను. పూర్తిగా వెలిసిపోయాక, ఇంటి వెనక పెరటి చుట్టూ గుంజలు పాతి, మరో నాలుగు పాతచీరలతో పాటు నన్నూ కట్టింది. కొత్తగా ఉన్నప్పుడు లేని ఉద్యోగం చిరిగాక వచ్చింది. కావలి ఉద్యోగం.

కావలి అడవి పందుల నుంచి. ఊరి వెనకే అడవి. లచ్చవ్వ పెరట్లో ఏటా చిలగడదుంపలు వేస్తుంది. శివరాత్రి ఒక్కపొద్దుకు అవే ఆధారం. కిందటేడు పందులు ఒక్కటీ మిగల్చలేదు. దాంతో ఆమె పెనిమిటి ఓదెలుకు ఒళ్లు మండి, పెరటి చుట్టూ కరెంటు పెడతానని తీగ చుట్ట కొనుక్కొచ్చాడు.

"పందికి పెట్టిన తీగె పిల్లను గుర్తువడ్తదా?" అంది లచ్చవ్వ. పిల్లంటే కూతురి కూతురు రిత్విక. మూడేళ్లది, వచ్చిందంటే పెరటిని వదలదు.

"మరి గడ్డలు పందులకు పెడ్దామా?"

"ఈ ఒక్క యేడు చీరెలు కట్టి సూస్త. ఒక్క వరుస పోయినా నీ ఇష్టం."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు బెంగ పట్టుకుంది. పొద్దుగూకే వేళ పందులు వచ్చేవి. ముట్టె ఎత్తి నన్ను వాసన చూసి, గుర్రుమని వెనక్కి తిరిగేవి. నా రంగు చూసే జడుసుకున్నాయని మురిసిపోయేదాన్ని.

శివరాత్రి మూడు రోజులుందనగా, వస్తున్నానని కూతురు ఫోన్ చేసింది. లచ్చవ్వ చీపురును కూడా కడిగే మనిషి. "బిడ్డ వచ్చేయాల్లకు ఈ కంపుచీరెలేంది" అని మమ్మల్ని విప్పి, సోడాలో నానబెట్టి, బండకేసి బాది, ఆరాక మళ్లీ కట్టింది. నిమ్మకాయ సబ్బు వాసనతో పెళ్లికూతురిలా నిలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా సంతోషించాను.

తెల్లారేసరికి రెండు వరుసలు తవ్వేసి ఉన్నాయి. పందులు మమ్మల్ని ముట్టెతో పక్కకు నెట్టి లోపలికి నడిచాయి.

ఓదెలు ఇంట్లోకి నడిచాడు. అటక మీంచి తీగ చుట్ట దించాడు. మాట ఇచ్చింది తనే కాబట్టి లచ్చవ్వ అడ్డుపడలేకపోయింది. కళ్లు తుడుచుకోవడానికి నా కొంగు లాగి ముఖానికి పెట్టుకుంది. అంతలోనే ఆగి, వాసన చూసింది.

"నా మతి మండ! మనిషి వాసననంత నేనే ఉతికి పారవోసిన. ఒక్క దినం ఆగయ్యా!"

"మాటంటే మాట గదనే."

"రేపు పొద్దుగాల సూడు. మల్ల గడ్డలు పోతే తీగె నేనే అందిస్త."

ఓదెలు చుట్టను గుమ్మం పక్కన పెట్టాడు, అటకెక్కించలేదు. లచ్చవ్వ నన్ను విప్పి ఒంటికి చుట్టుకుని ఎండలో పొద్దంతా పేడ ఎత్తింది, దుంపలకు మట్టి ఎగదోసింది. నా సబ్బు సోకు మధ్యాహ్నానికే దిగిపోయింది. మిగతా నాలుగు చీరలు మాత్రం ఇంకా ఘుమఘుమలాడుతున్నాయి. సాయంత్రం నన్ను గుంజలకు కట్టి, మొగుడి దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"నీ తువ్వాల, లుంగీ, బనీను, అన్నీ ఇడువు."

స్నానమంటే ఆమడ దూరం జరిగే ఓదెలు నోరు తెరిచాడు. "ముప్పై ఏండ్ల సంది కంపు కంపని తిట్టినవు గదనే!"

"ఇయ్యాల అక్కరకొచ్చింది. తే!"

పొద్దుటి నుంచి బిగుసుకుని ఉన్న మనిషి ఫక్కున నవ్వేశాడు. చీరల మధ్య మధ్య ఆమె వాటిని కట్టింది. ఆ తువ్వాల పక్కన నిలబడే కష్టం పగవాడికి కూడా వద్దు.

మర్నాడు చూస్తే గిట్టల గుర్తులు కంచె దాకా వచ్చి, అక్కడే తిరిగి, అడవి వైపు పోయాయి. లోపల ఒక్క ఆకు కదల్లేదు. హమ్మయ్య! నా పోగుపోగూ తేలికపడింది.

ఓదెలు వంగి ఆ గుర్తులు చూస్తుండగానే వాకిట్లో ఆటో ఆగింది. రిత్విక తల్లి చెయ్యి విదిలించుకుని పెరటి వైపు పరుగెత్తుకొచ్చింది. రెండు పిడికిళ్లతో నన్ను గట్టిగా పట్టుకుని, ముఖం పైకెత్తి "తాతా!" అంది. తీగ లాగుదామనుకున్నది సరిగ్గా అక్కడే.

ఓదెలు పిల్లను చంకనెత్తుకున్నాడు. ఆ తర్వాత తీగ చుట్ట తీసుకెళ్లి వాకిట్లో రెండు గుంజలకు బిగించి దండెం కట్టాడు. లచ్చవ్వ ఇప్పుడు ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉతికి దాని మీద ఆరేస్తుంది, మమ్మల్ని తప్ప.

శివరాత్రి నాడు రిత్విక ఉడికిన దుంప తిని, మూతి నా కొంగుకు తుడిచింది. చీపురును కూడా కడిగే లచ్చవ్వ, చూసి కూడా నన్ను ఉతకడానికి విప్పలేదు.