రేపటి చలానా

వీరరాఘవరావు పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఫోన్ చూసుకుంటాడు. చూసుకుని, తాళ్ళ దుకాణం వైకుంఠాన్ని నాలుగు తిట్లు తిట్టుకుని, అప్పుడు కాఫీ తాగుతాడు. ఈ వరస నాలుగేళ్ళుగా నడుస్తోంది.

పాతబస్తీలో ట్రాఫిక్ చలానాలు ఒకరోజు ముందే వస్తాయి. రేపు పదిన్నరకి అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో సిగ్నల్ దాటేవాడికి ఇవాళ ఆరింటికల్లా ఫోటోతో సహా మెసేజ్ దిగిపోతుంది. బండి నంబరు, చోటు, టైము, చేయబోయే తప్పు, అన్నీ అందులో ఉంటాయి. ఫోటోలో పడ్డది జరక్కుండా పోయిన రోజు లేదు. జనం కూడా దానికి తగ్గట్టే సర్దుకున్నారు. మెసేజ్ రాగానే డబ్బు కట్టేస్తారు. కట్టాం కదా అని మర్నాడు దర్జాగా వెళ్ళి ఆ తప్పు చేసి వస్తారు. చౌరస్తాలో కానిస్టేబుల్ సామ్యూల్ చెయ్యి అడ్డం పెట్టి, "కట్టినవా?" అని అడుగుతాడు. "కట్టిన" అంటే పక్కకి జరుగుతాడు. ఆ రోజు ఏ పనీ లేనివాళ్ళు కూడా, కట్టి ఊరుకుంటే నష్టమని, పనిగట్టుకుని రాంగ్ రూట్లో ఒక చక్కర్ కొట్టి ఇంటికి పోతారు. ఇలాంటి జనంతో ఎలా వేగాలో రావుకి అంతుపట్టదు.

రావుకి అసలు బండే లేదు, అయినా రోజూ చలానా వస్తుంది. అదే ఆయన కడుపుమంట. గుడివాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు ఒక సర్కారు ఆఫీసు రికార్డుల సెక్షన్లో సూపరింటెండెంటు, ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. బండి నడిపినన్నాళ్ళూ ఒక్క చలానా లేదు. పచ్చ లైటు పడితే తప్ప రోడ్డు దాటడు, నడిచి వెళ్తున్నా సరే. మోకాళ్ళు అరిగాక స్కూటర్ని అఫ్జల్‌గంజ్‌లో తాళ్ళు, టార్పాలిన్లు టోకున అమ్మే వైకుంఠానికి అమ్మేశాడు. కొన్నవాడు ఆర్టీఏ ఆఫీసుకి వచ్చి సంతకం పెడితేనే కాగితాల మీద పేరు మారుతుంది. వైకుంఠం రాలేదు. వాడి బండి, వాడి తప్పు, చలానా మాత్రం రావు ఫోన్‌కి. అందుకని రోజూ ఆఫీసుకి పోతూ, పసుపు అతుకు వేసిన ఖాకీ సంచీ భుజాన వేసుకుని, ఆ మెసేజ్ చూపించడానికి దుకాణం మెట్లెక్కడం రావు వంతయింది.

"సంతకం ఎప్పుడు పెడతావు?" అంటాడు రావు.

"గా ముచ్చట తప్ప ఏమన్న మాట్లాడు రావుసాబ్," అంటాడు వైకుంఠం. "నీ పేరు మీదున్న బండి నా ఇంటికొచ్చిన వారంల, మూడు లారీల మాల్ అమ్ముడుపోయింది. లక్ష్మి నీ పేరు జూసి లోపటికొచ్చింది. పేరు మారిస్తే ఆమె ఎనుకకు తిరిగి పోదా?"

"రేపు ఎవర్నయినా గుద్దితే కేసు నా మీదకొస్తుంది. ఇన్సూరెన్సు కూడా లేదు."

"నేనెందుకు గుద్దుత? ఫికర్ జెయ్యకు." అంటూ ఫోన్లో చలానా కట్టేసి, చాయ్ తెప్పిస్తాడు. రావు ఆ చాయ్ ముట్టుకోడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆ సోమవారం ఫోటో వేరేగా ఉంది.

మంగళవారం, పది గంటల నలభై నిమిషాలు, అఫ్జల్‌గంజ్ చౌరస్తా. హెల్మెట్ లేదు, సిగ్నల్ జంపింగ్. అంతవరకు మామూలే. వైకుంఠం బట్టతల మామూలే. కానీ కుడివైపున, స్కూటర్ ముందు చక్రానికి జానెడు దూరంలో, ఒక సిటీ బస్సు ముందు భాగం ఉంది. అది ఆగి ఉన్న బస్సు కాదు.

రావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఈసారి ఫోటో అంచున ఇంకోటి కనిపించింది. స్కూటర్ వెనక క్యారియర్‌ని పట్టుకుని ఒక చెయ్యి. మిగతా మనిషి ఫోటోలో పడలేదు. ఆ చేతికి పగడపు ఉంగరం ఉంది.

రావు తన చేతి వంక చూసుకున్నాడు. ఆ ఉంగరం ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది.

"ఏమిటండీ, అలా కూలబడ్డారు?" అంది భార్య సీతారావమ్మ, కాఫీ గ్లాసు పట్టుకుని.

ఆయన ఫోన్ ఇచ్చాడు. ఆవిడ చూసి, ఆయన చెయ్యి చూసి, "రేపు ఆఫీసుకి సెలవు పెట్టాల్సొస్తుందేమో," అంది.

"నేనెందుకు వెళ్తాను? నన్నడిగి తీశారా ఈ ఫోటో? నాలుగేళ్ళు నా ప్రాణం తీసినవాడి కోసం నేను బస్సు కింద చెయ్యి పెట్టాలా?"

"చెయ్యి ఫోటోలో ఉంది కదండీ."

"ఉంటే ఉండనీ." రావు పెరట్లోకి పోయి ఉంగరానికి సబ్బు రాశాడు. కొబ్బరినూనె రాశాడు. ఊడిపోతే ఆ చెయ్యి తనది కాకుండా పోతుందని ఆశ. వేలు వాచింది తప్ప ఉంగరం కదల్లేదు. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది.

దుకాణం తెరిచే వేళకి మెట్లెక్కాడు. వైకుంఠం ఫోటో చూశాడు, బస్సునీ చూశాడు, మరుక్షణంలో డబ్బు కట్టేశాడు.

"కట్టేస్తావేమయ్యా? బస్సు కనిపించడం లేదూ? రేపు పదిన్నర నుంచి దుకాణం దిగకు."

"బస్సు ముచ్చట చలానాల రాసి ఉన్నదా? హెల్మెట్ లేదని రాసిండ్రు, సిగ్నల్ జంపింగ్ అని రాసిండ్రు. గంతే గద."

"బస్సు కింద పడటం నీ నేరం కాదు కాబట్టి రాయలేదు."

వైకుంఠం లెక్కబల్ల మీదనుంచి ముందుకి వంగాడు. "రావుసాబ్, నాకు సమజైతలేదనుకుంటున్నవా? పేరు మార్పిచ్చుకోనీకె కొత్త నాటకం. భయపెట్టి సంతకం గుంజుదామని జూస్తున్నవు. రేపు పురానాపూల్ పార్టీకి మాల్ చూపెట్టేదున్నది. పది నలభైకి పోత. కట్టిన తప్పు చెయ్యకుండ ఇడిసిపెట్టుడు మా ఇంట లేదు."

"ఛస్తావు."

"నీ నోట్ల గదే వస్తది ఎప్పుడూ."

రావు మెట్లు దిగాడు. చావనీ అనుకున్నాడు. దిగాక ఇంకో సంగతి తట్టింది. వాడు చస్తే బండి తన పేరు మీద ఉంది. చచ్చేది వాడు, కోర్టు చుట్టూ తిరిగేది తను. రిటైరయ్యే ముందు ఇదొకటి. అందుకే, కేవలం అందుకే వెళ్తున్నానని మర్నాడు ఆఫీసు రిజిస్టర్లో 'సొంత పని' అని రాసి బయటపడుతున్నప్పుడు తనకి తాను గట్టిగా చెప్పుకున్నాడు.

పదిన్నరకి చౌరస్తాలో నిలబడ్డాడు. సామ్యూల్ దగ్గరికి పోయి ఫోటో చూపించాడు. "ఈ బండిని ఆపండి."

"కట్టిండా?"

"కట్టాడు."

"మరింకేం ఆపమంటరు సార్?" అన్నాడు సామ్యూల్, చాలా మర్యాదగానే.

ఎర్ర లైటు పడింది. వైకుంఠం స్కూటర్ వచ్చి గీత దగ్గర ఆగింది. ఆగడం సామ్యూల్‌కి సమాధానం చెప్పడానికే. "కట్టిన భాయ్." సామ్యూల్ పక్కకి జరిగాడు. రావు వచ్చి ఆ స్కూటర్ వెనకే నిలబడ్డాడు. వైకుంఠానికి కనిపించలేదు. నది వైపు నుంచి బస్సు వస్తోంది. దానికి పచ్చ లైటు ఉంది, దాని తప్పేం లేదు. ఇప్పుడు కూడా రావు చేతులు జేబుల్లోనే ఉన్నాయి. ఆ ఫోటో మీద పగ కొద్దీ తీయకుండా ఉండగలిగేవాడే. వైకుంఠం యాక్సిలరేటర్ తిప్పాడు. రావు కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చి క్యారియర్‌ని పట్టుకుంది.

ఆపలేకపోయాడు. స్కూటర్ ఆయన్ని రెండడుగులు ఈడ్చుకుపోయింది. పైన కెమెరా ఒకసారి తళుక్కుమంది. ఆ రెండడుగుల ఆలస్యంలోనే బస్సు, స్కూటర్ ముందు చక్రాన్ని రాసుకుంటూ వెళ్ళిపోయింది. స్కూటర్ పక్కకి ఒరిగి వైకుంఠం మీద పడింది.

"ఎవడ్రా ఎనుకకెళ్ళి గుంజినోడు?" అన్నాడు వైకుంఠం కింద నుంచి. రావు మొహం చూసి, "నువ్వే పడేసినవు. సంతకం కోసం ఇంత పని జేస్తవా?" అని బూతులు లంకించుకున్నాడు.

రావు క్యారియర్ వదిలాడు. రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. వాడు తిడుతుంటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ఈ ఊళ్ళో, ఇంటి బయట రోజూ తాను మాట్లాడే మనిషి ఈ వెధవ ఒక్కడే. ఆ సంగతి ఆ ఎండలో కూర్చున్నప్పుడు తెలిసింది, తెలిసినందుకు ఒళ్ళు మండిపోయింది.

బుధవారం పొద్దున్నే సీతారావమ్మ ఇడ్లీలు కట్టి పంపింది. ఆస్పత్రిలో వైకుంఠం ఎడమచేతికి మోచెయ్యి పైదాకా కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. స్కూటర్‌కి మడ్‌గార్డు వంగిందట, అంతే.

"ఏం మొకం పెట్టుకొని వచ్చినవు?" అన్నాడు.

"ఇడ్లీ తిను."

"తింట. సంతకం మాత్రం నేను బతికుండంగ పెట్టను. నిన్న నువ్వు చేసిన పనికి అసలే పెట్టను." అని కుడిచేత్తో ఇడ్లీ తుంచాడు.

నాలుగేళ్ళలో మొదటిసారి రావు ఆరింటికి ఫోన్ చూసుకోలేదు. అది అప్పుడు గుర్తొచ్చి జేబులోంచి తీశాడు. మెసేజ్ ఉంది. రేపు, గురువారం, పదకొండు గంటలు. నో పార్కింగ్. ఫోటోలో స్కూటర్ ఒక్కటే ఉంది, మడ్‌గార్డు వంకరగా. దాని వెనక ఆర్టీఏ ఆఫీసు గేటు.

రావు వెంటనే డబ్బు కట్టేశాడు. తన ఫోన్ మీద, తన చేత్తో, బతుకులో మొదటిసారి.

"ఏందది, రేపటిదా? బండి ఆడ పడున్నది, చెయ్యి ఇట్లున్నది, చలానా ఏడికెళ్ళి వచ్చింది?"

రావు ఫోన్ చూపించాడు. వైకుంఠం ఇడ్లీ నమలడం ఆపి చాలాసేపు చూశాడు. గేటు చూశాడు. గేటు మీద బోర్డు చదివాడు.

"కట్టినవా?"

"కట్టాను."

వైకుంఠం పళ్ళు కొరికాడు. ఫోటోలో పడ్డది తప్పదు, కట్టింది వదలరాదు. తాతల నాటి దుకాణదారుడు తన మాట తనకే అడ్డం తగులుతుంటే ఏమంటాడు? "మస్తు తెలివి నేర్చినవు రావుసాబ్," అన్నాడు చివరికి. "లక్ష్మి నా ఇంట్లకెళ్ళి పోతే నీ ఉసురే."

"పోదులే. నిన్న నిన్ను బస్సు కింద పడకుండా ఆపిందిగా." అలా అన్నందుకు రావు తనే ఆశ్చర్యపోయాడు. నాలుగేళ్ళ తర్వాత తన పేరు తనకి దక్కబోతోంది. గుండె తేలికపడి, వార్డులోకి వచ్చిన చాయ్‌వాలా దగ్గర రెండు కప్పులు తీసుకున్నాడు.

వైకుంఠం ఇంకా ఫోటోనే చూస్తున్నాడు. వేళ్ళతో దాన్ని పెద్దది చేశాడు. స్కూటర్ హ్యాండిల్ కింద కొక్కేనికి ఒక సంచీ వేలాడుతోంది. ఖాకీ సంచీ, పసుపు అతుకు.

"ఒంటి చేత్తోని నేనెట్ల నడుపుత అనుకుంటున్న," అన్నాడు. "నడిపేది నువ్వే."

"నేనా? నేను నో పార్కింగ్‌లో పెట్టను," అన్నాడు రావు. "ఛస్తే పెట్టను. ఎక్కడ పెట్టాలో అక్కడే పెడతాను, ఫర్లాంగు దూరమైనా సరే."

"పెడ్తవు," అన్నాడు వైకుంఠం, చాయ్ అందుకుంటూ. "కట్టినవు గద."