పదిహేడు చుట్లు

"పదిహేను... పదహారు... పదిహేడు" అని పైకే లెక్కపెట్టి ఆపాడు లెక్కల మామ. ఇనుప కడ్డీ వదిలి, నడుం మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడటానికి కాస్త సమయం పట్టింది. రోడ్డు కింద మోకాలి లోతు గుంటలో ఉన్న ఆ వాల్వు పూర్తిగా మూయాలంటే ఇరవై ఆరు చుట్లు తిప్పాలి. ఆయన పదిహేడు దగ్గర ఆపుతాడు. అలా ఆపితే కింద కాలనీ కుళాయిల్లో ధార కొంచెం సన్నబడుతుంది, పైన మెట్లవీధిలో నలభై రెండు ఇళ్లకు నీళ్లెక్కుతాయి. అరగంట తర్వాత మళ్లీ పదిహేడు చుట్లు వెనక్కి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని.

ఐదో తరగతి లెక్కల్లో తప్పి బడి మానేసిన మనిషికి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. సన్నటి మనిషి. కడ్డీ తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. అరచేతుల్లో కాయలు కాసి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా వేళ్లు సరిగ్గా వంగవు. ఏ పనైనా లెక్కపెట్టుకుంటూ చేయడం అలవాటు. తినే ముద్దలు కూడా లెక్కపెడతాడని భార్య ఎగతాళి చేస్తుంది.

ఈ పదిహేడు చుట్ల సంగతి మాత్రం ఏ కాగితం మీదా లేదు. నీటి సంఘంలో లైను చూసుకోవడమే ఆయన ఉద్యోగం, ఇలా తిప్పమని ఆయనకెవరూ చెప్పలేదు. అప్పట్లో కుళాయిలున్నా పైకి ధార ఎక్కక, మెట్లవీధి ఆడవాళ్లు నీళ్లు కిందినుంచి మోసుకునేవారు. ఒక రోజు నిండు చూలాలు ఒకామె బిందెతో సహా మెట్ల మీద జారిపడటం ఆయన కళ్లారా చూశాడు. మర్నాడు కడ్డీ పట్టుకుని ఈ గుంట దగ్గరికొచ్చాడు. ఎన్ని చుట్లకు నీళ్లెక్కుతాయో తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఇవాళ ఆఖరి రోజు. శాసనసభలో కొత్త చట్టం చేశారు. చిన్న చిన్న నీటి సంఘాలూ, మురుగుకాలవల సంఘాలూ అన్నీ రద్దయి, రేపటినుంచి ఒక పెద్ద మండలిలో కలిసిపోతాయి. ఇవాళ్టికి కాగితం మీదకెక్కిన సరఫరా రేపూ సాగుతుంది, ఎక్కనిది లేనట్టే లెక్క. ఇంకో మాట కూడా ఉంది అందులో. ఉత్తర్వు లేకుండా వాల్వు తిప్పాడని తేలితే, ఆ ఉద్యోగిని మండలిలోకి తీసుకోరు. ఆయనకింకా రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది.

"నోరు మూసుకుని సంతకం పెట్టి రండి" అంది భార్య, ఆయన చొక్కాకు ఊడిన గుండీ కుడుతూ. "లోకం దాహమంతా మీ నెత్తికే చుట్టుకోవాలా? రేపటినుంచి మీరు ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

"నాకు మాత్రం ఎక్కదా?" అన్నాడు.

నవ్వులాటకే అన్నాడు గాని, లోపల గుబులు పుట్టింది. తెల్లవారగానే లేచి వెళ్లడానికి పని లేని రోజు ఎలా ఉంటుందో ఆయనకు ఊహకు కూడా అందలేదు.

ఆఫీసులో అలమారాలన్నీ అప్పటికే ఖాళీ అయ్యాయి. కొత్త మండలినుంచి వచ్చిన ఇంజనీరు చిన్న వయసు అమ్మాయి. బల్లమీద పటం పరిచి పెన్ను అందించింది.

"మీ లైను ఇదే కదండీ? చూసుకుని సంతకం పెట్టండి."

మెట్లవీధి దగ్గర 'సరఫరా లేదు' అని రాసి ఉంది. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు అక్కడే చూశాడు.

"ఇక్కడికి నీళ్లొస్తాయి మేడం."

"ఎలా వస్తాయి? అంత ఎత్తుకి ఎక్కవే!"

చెప్పాడు. దాచకుండా మొదటినుంచీ చెప్పాడు. ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలింది.

"అయ్యో, ఈ మాట నాకెందుకు చెప్పారండీ? సరే, వాల్వు పాడైంది, పూర్తిగా తెరుచుకోదు అని రాస్తాను. మీ పేరు రాదు."

"అప్పుడు బాగుచేస్తారుగా?"

"చేస్తారు మరి."

"బాగుచేస్తే నీళ్లు ఆగిపోతాయి మేడం" అన్నాడు మెల్లిగా. "నేనే తిప్పానని రాయండి. పద్దెనిమిదైతే కింద కాలనీకి చాలవు, పదహారైతే పైకి ఎక్కవు. పదిహేడని అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాయండి."

రాసింది. ఆయన సంతకం చేశాడు. బయటికొచ్చి గోడవారన నిలబడ్డాక ఏడుపు తన్నుకొచ్చింది. తప్పు చేసినందుకు కాదు, పని పోయినందుకు ఏడ్చాడు. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి గుంట దగ్గరికి తనే వచ్చింది. "నేను తిప్పి చూస్తాను, రేపటివాళ్లకి నేర్పాలిగా" అంటూ కడ్డీ అందుకుంది. పన్నెండో చుట్టుకే రొప్పుతూ ఆగింది.

"తొందరేం లేదమ్మా, మెల్లిగా కానీ. పదిహేడుకి ఆపి అరగంట ఉండు. నేనలా పైకి వెళ్లొస్తాను" అన్నాడు. మేడం అనడం ఆ క్షణాన మరిచిపోయాడు.

పైకి నీళ్లెక్కే వేళకు ఆయన ఎప్పుడూ కిందే ఉండాలి. అందుకే మెట్లవీధిలో ధార మొదలవడం పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు. పొద్దుటినుంచీ ఎడమచెయ్యి లాగుతూనే ఉంది. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కి, డెబ్బై మూడో మెట్టు దగ్గర, కుట్టుపని చేసే ముసలావిడ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. ఎదురుగా కుళాయి కాసేపు గాలి చిమ్మింది. తర్వాత ఉలిక్కిపడినట్టు దగ్గి, ధారకట్టింది. ఇళ్లలోంచి బకెట్ల చప్పుడు లేచింది. ఎవరో ఎవరినో నవ్వుతూ తిడుతున్నారు. ఆయన మొహం విప్పారింది.

"అక్కా, కాసిని మంచినీళ్లిస్తావా?"

"నువ్వు అడగాలా తమ్ముడూ! ఉండు, తాజాగా పట్టి ఇస్తాను."

గ్లాసు కడిగి, ధార కింద పెట్టి, అంచుదాకా నింపి తెచ్చి ఆయన పక్కన పెట్టింది. లెక్కల మామ గోడకు ఆనుకుని కుళాయి వైపే చూస్తున్నాడు. "తాగు తమ్ముడూ" అంది. రెండోసారి భుజం మీద చెయ్యి వేసి పిలిచింది. మూడోసారి పిలవలేక గుమ్మంలోనే చతికిలబడింది.

కింద ఆ అమ్మాయి గడియారం చూసుకుని, పైకే లెక్కపెడుతూ, వాల్వు తెరవడం మొదలుపెట్టింది. పైన ధార సన్నబడి ఆగిపోయింది. ఆయన్ని నలుగురూ కలిసి మోసుకుపోయారు. అరుగు మీద గ్లాసు నిండుగానే ఉంది, చీకటి పడేదాకా దాన్ని తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.