ఆకు మాది, గింజ దొరది

మా కొండల్లో కాఫీ అంటే ఆకే. లేత కొమ్మల్ని వెదురుపుల్లకి గుచ్చి, పొయ్యి మీద పొగలో ఎండబెట్టి, నలిపి, నీళ్ళలో మరిగించి, బెల్లం కొరుక్కుంటూ కొబ్బరిచిప్పలో తాగుతాం. ఇదేదో తాతల నాటి రుచి అనుకునేరు! కాదు. గింజ మొత్తం డచ్చి దొర గోదాముకి పోవాలి, ఒక్కటి కూడా ఇంట్లో మిగలకూడదు. అందుకని ఆకు తాగాం. ఇంటికి నూటయాభై చెట్లు నాటాలని హుకుం వేసింది వాళ్ళే. నేల మాది, నాటింది మేము, నడుములు విరగ్గొట్టుకున్నది మేము. గింజ మాత్రం వాళ్ళది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా గొంతు లేస్తే ఏమీ అనుకోకండి.

నన్ను పెంచింది అమ్మమ్మ రాపియా. గుంజల మీద నిలబెట్టి, కొసల్లో ఎద్దుకొమ్ముల్లా పైకి లేచిన కప్పు వేసిన ఇల్లు ఆవిడది, పొలం ఆవిడది. పెద్దరికం మాత్రం ఆవిడ కొడుకు, మా మేనమామ మాలిన్‌ది. మా ఇంటి గింజలకి దొర దగ్గర జవాబు చెప్పుకోవలసినవాడు కూడా ఆయనే.

ఆ ఏడు కోతల కాలంలో అమ్మమ్మ మంచం పట్టింది. అన్నం సయించడం లేదు. మంచినీళ్ళు కూడా బతిమాలి తాగించాల్సి వచ్చేది.

"ఏం తినాలనుంది అమ్మమ్మా? చెప్పు, చేసి పెడతా."

"గింజ కాఫీ తాగాలనుందే బనూన్."

గుమ్మంలో ఉన్న మామ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా! ఎవరన్నా వింటారు. గింజ దొరికితే ఆ ఇంటి పెద్దకి మూడు నెలలు రోడ్డు మీద రాళ్ళు కొట్టే శిక్ష."

"నిన్ను కనడానికి మూడు రోజులు నొప్పులు పడ్డానురా. నువ్వు మూడు నెలలు రాళ్ళు కొట్టలేవూ?"

"హాస్యం కాదమ్మా."

"నేనూ హాస్యమాడట్లేదు. నలభై ఏళ్ళు ఆ చెట్లకి చాకిరీ చేశా. మీ అక్క నొప్పులతో పోయిన రోజున కూడా కాయలు కోయించారు నా చేత. సముద్రాలు దాటొచ్చి మన నెత్తినెక్కారే, అందులో అంత ఏముందిరా? ఒక్క గుక్క చూసి పోతా."

మీ అక్క అంటే మా అమ్మ. మామ మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పెరట్లో ఎండిన గింజల్ని గోనెల్లోకి ఎత్తుతున్నాం. దొర పెట్టిన కాఫీ మేస్త్రీ దగ్గరుండి మరీ మా చేతులూ నడుం మడతలూ చూశాడు. వాడూ మా ఊరివాడే, సిగ్గులేని సన్నాసి! కానీ తలగుడ్డ జోలికి రాలేదు. మా ఆడవాళ్ళ తలగుడ్డకి ఇంటికప్పులా రెండు కొమ్ములుంటాయి. ఒక్కో కొమ్ములో గుప్పెడు గింజలు పెట్టుకుని, వాడి ముందే చక్కగా నడిచి వచ్చాను.

ఇక్కడే పప్పులో కాలేశాను. పుట్టి బుద్ధెరిగాక గింజ వండినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు. మాకు తెలిసింది ఆకు. అందుకని సగం గింజల్ని బుట్టలో వేసి, పొయ్యి మీద వేలాడదీసి, ఆకుకి పట్టినట్టే ఒక పగలంతా పొగ పట్టాను. తర్వాత మరిగించాను. పచ్చగా, ఎండుగడ్డి నానిన నీళ్ళలా వచ్చింది. అమ్మమ్మ ఆశగా లేచి కూర్చుని ఒక గుక్క తాగి, తుపుక్కున ఉమ్మేసింది.

"ఓసి నీ దుంపతెగ! దొర ఓడెక్కి వచ్చింది ఈ కుడితి కోసమా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి, నవ్వు వల్ల కాదు.

మామ అప్పుడే వచ్చాడు. చిప్పనీ నన్నూ చూశాడు. చెంప పగలగొడతాడనుకున్నాను. మెల్లగా కూర్చుని అడిగాడు, "ఇంకా ఉన్నాయా?"

"ఒక గుప్పెడు."

"పొగ కాదే పిచ్చిదానా. నల్లగా వేయించాలి, దంచాలి. దొర బంగళా మెట్ల మీద కాచుక్కూర్చున్నప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, వంటవాడు వేయిస్తుంటే."

"ఇన్నేళ్ళూ మాకు చెప్పలేదేం మామా?"

"ఆ వాసన చెప్తే మీకూ కావాలనిపిస్తుందని."

మంగలం ఆయనే పొయ్యి మీద పెట్టాడు. గింజలు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత చిటపటలాడాయి. అమ్మో, ఆ వాసన! ఇల్లంతా నిండిపోయి కిటికీల్లోంచి ఊరి మీద పడింది. పక్కింటి సవూదా అరిచింది, "బనూన్! ఏం వండుతున్నావే? నోరూరి చస్తున్నా!"

ఆకు వాసన గడప దాటదు. ఇది వాగు దాటిపోతుందని మాకేం తెలుసు? వాగు అవతల గోదాములో ఆ రోజు దొర ఉన్నాడు. ఆ వాసన ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు.

మామ దంచి, కాచి, చిప్పలో పోసి అమ్మమ్మని తన ఛాతీకి ఆనించి కూర్చోబెట్టాడు. "వేడిగా ఉందమ్మా, ఊదుకో." ఆవిడ చిప్ప అందుకుని కళ్ళు మూసుకుని వాసన చూస్తోంది. మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

మా ఇంట్లోకి చెప్పులతో ఎవరూ రారు. దొర బురద బూట్లతో చాప తొక్కుకుంటూ వచ్చాడు, వెనక మేస్త్రీ. దొర తన భాషలో ఏదో అంటే మేస్త్రీ చెప్పాడు, "అది సర్కారు సొత్తు అంటున్నారు."

"చెట్టు నాటింది ఎవరో అడగరా," అంది అమ్మమ్మ.

మేస్త్రీ దొర బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అడగరా! నీ నాలిక కూడా గోదాములో ఇచ్చేశావా?"

దొర వంగి, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చిప్ప లాక్కున్నాడు. వెదురు నేల సందుల్లోంచి నిదానంగా, ఒక్క చుక్క మిగలకుండా ఒంపేశాడు. ఇంటి కింద కోళ్ళు పరిగెత్తుకొచ్చి ముక్కుతో పొడిచాయి. మా ఇంట్లో కాఫీ రుచి చూసింది మొదట ఆ కోళ్ళేనండీ! చావుబతుకుల్లో ఉన్న ముసలిదానికి ఒక్క గుక్క ఇస్తే వాళ్ళ రాజ్యం కూలిపోతుందా? నాకిప్పటికీ అర్థం కాదు, అర్థం చేసుకోనూ చేసుకోను.

మామ చేతులు కట్టి తీసుకుపోయారు. ఐదో రోజున అమ్మమ్మ పోయింది. తల్లిని సమాధిలోకి దించాల్సింది కొడుకు. ఒక్క పూట పంపమని వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. "దొర కుదరదన్నారు," అన్నాడు మేస్త్రీ, నా మొహం చూడకుండా. పరాయివాళ్ళు దించారు.

మర్నాడు పొద్దున్నే పెద్ద కుండలో నీళ్ళు మరిగించాను. ఆకు వెయ్యలేదు. కుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కి, మొదటి చెట్టు మొదట్లో పొగలు కక్కే నీళ్ళు పోశాను. రోజుకి ఒకటి, రెండు. మూడో వారానికి సవూదా కూడా కుండతో ఎదురైంది. తను వాళ్ళ చెట్ల వైపు తిరిగింది. ఆకులు పండి రాలుతుంటే దొర ఎవరో పండితుణ్ణి పిలిపించాడు. ఆయన భూతద్దంతో ఆకు తిరగేసి చూసి, తెగులు అని రాసుకుని పోయాడు.

మూడు నెలలకి మామ తిరిగొచ్చాడు. వేళ్ళు వంకర్లు పోయాయి. ముందు సమాధి దగ్గరికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఎండిపోయిన తోట చూశాడు, నా నెత్తి మీద పొగలు కక్కుతున్న కుండ చూశాడు. దొరకి జవాబు చెప్పుకోవలసింది మళ్ళీ ఆయనే. తిడతాడని తల వంచుకున్నాను.

"ఇంకా ఎన్ని మిగిలాయే?"

"పదకొండు, మామా."

"అవి నాకొదిలెయ్," అని కుండ అందుకున్నాడు.